పేటెంట్ కేసులున్న కంపెనీకి బిల్డింగ్ లీజుకు ఇవ్వొచ్చా? (కర్నూలు)

ప్రశ్న, కర్నూలు నుంచి

అందరికీ నమస్కారం. బళ్ళారి చౌరస్తా దగ్గర రోడ్డు మీదే మాకొక బిల్డింగ్ ఉంది. కింది ఫ్లోరు షోరూముకు, వెనక షెడ్డు సర్వీస్ సెంటరుకు కావాలని ఒక ఎలక్ట్రిక్ స్కూటర్ల కంపెనీ అడుగుతోంది. నెలకు 1,20,000 అద్దె, తొమ్మిదేళ్ళ లీజు, మొదటి మూడేళ్ళు లాక్-ఇన్ (అంటే ఆలోపు ఖాళీ చేయకూడదు). లిస్టెడ్ కంపెనీయే కదా అని మా తమ్ముడు వాళ్ళ వార్షిక నివేదిక తీసి చూశాడు. బ్యాటరీ విషయంలో రెండు పేటెంట్ కేసులు నడుస్తున్నాయట. "ఎంత కట్టాల్సి వస్తుందో ఇప్పుడే అంచనా వేయలేం" అని రాశారు. ఇంకోచోట ముందుముందు కట్టాల్సిన లీజు అద్దెలు వంద కోట్ల పైనే చూపించారు. అప్పటి నుంచి నాన్నకు టెన్షన్. "ఇన్ని బాకీలున్నోళ్ళు మన అద్దె ఏం కడతారు" అంటున్నారు. ఇవ్వొచ్చా, వద్దా?

ప్రొద్దుటూరు ఆడిటరు

ఆ వంద కోట్లు ఎగ్గొట్టిన అద్దె కాదని ముందు నాన్నగారికి చెప్పండి. అన్ని ఊళ్ళలో తీసుకున్న షాపులకు, గోడౌన్లకు రాబోయే ఏళ్ళలో కట్టాల్సిన అద్దెల మొత్తం అది. 2019 ఏప్రిల్ 1 నుంచి ఇండ్ ఏఎస్ 116 అనే అకౌంటింగ్ ప్రమాణం వచ్చాక ఈ అద్దెలను బ్యాలెన్స్ షీటులోనే అప్పుగా చూపించాలి. అంతకుముందు మామూలు షాపు అద్దె ఏ ఏటికా ఏడు ఖర్చులో పోయేది.

మీ అద్దెతోనే లెక్క చూడండి. మూడేళ్ళకు 43.2 లక్షలు. ఏడాదికి 10 శాతం వడ్డీ వేసి ఈరోజు విలువ కడితే 37 లక్షల పైచిలుకు వస్తుంది. లెక్కల వెనక వివరణలుగా ఇచ్చే నోట్సులో, ఏళ్ళవారీ పట్టికలో ఉండేది మొదటి రకం అంకె, బ్యాలెన్స్ షీటులో ఉండేది రెండోది. రెండూ ఒకటే బాకీ, కలిపి కూడొద్దు.

ఆ పట్టికలో "ఏడాదిలోపు" అన్న వరస పట్టుకుని, వ్యాపారం మీద వచ్చిన నగదుతో పోల్చండి. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. ఈ లీజుల అద్దె ఇప్పుడు ఆ నగదులోంచి తీసేసి ఉండదు, క్యాష్ ఫ్లో పట్టికలో కింద ఫైనాన్సింగ్ (అప్పులు, వాటి చెల్లింపులు) భాగంలోకి పోతుంది. పైన కళకళలాడుతున్న అంకెలోంచి అద్దెలు మీరే తీసేసి, ఎంత మిగిలిందో చూడాలి.

తొమ్మిదేళ్ళు అన్న మాట కూడా అంతే. మూడేళ్ళ తర్వాత నోటీసిచ్చి వెళ్ళిపోయే హక్కు వాళ్ళకుంటే, తప్పకుండా ఉంటామని గట్టిగా చెప్పగలిగితే తప్ప వాళ్ళ పుస్తకాల్లోకి ఎక్కేది మూడేళ్ళే. మీరూ మూడేళ్ళే లెక్కేసుకోండి.

ఇక కేసులు. ఓడిపోయే అవకాశమే ఎక్కువని తేలి, మొత్తం కూడా అంచనాకు అందితే ప్రొవిజన్ పెట్టాలి, అంటే ఆ డబ్బును ఇప్పుడే ఖర్చుగా, బాకీగా చూపించాలి. లేకపోతే నోట్సులో కంటింజెంట్ లయబిలిటీగా (రావచ్చు, రాకపోవచ్చు అన్న బాకీగా) రాస్తారు. "అంచనా వేయలేం" అంటే సున్నా అని కాదు. అంకె బయటపెడితే ఎదుటి పార్టీకి ఆయుధం ఇచ్చినట్టే, అందుకే వివాదం దెబ్బతినేలా ఉంటే వివరాలు చెప్పకుండా ఉండే వీలు ఇలాంటి బాకీల ప్రమాణమైన ఇండ్ ఏఎస్ 37లోనే ఉంది. ఆడిటర్ రిపోర్టులో కీ ఆడిట్ మ్యాటర్స్ (ఆడిటరు ఎక్కువ దృష్టి పెట్టిన విషయాలు) అని ఒక భాగం ఉంటుంది. ఈ కేసులు అక్కడికి ఎక్కాయంటే కాస్త సీరియస్సే.

అనంతపురం లాయరు

ఆడిటరు గారు డబ్బు సంగతి చెప్పారు. నాకు అంతకన్నా ఇంజంక్షన్ (అమ్మకం ఆపమనే కోర్టు ఉత్తర్వు) భయం. పేటెంట్ చట్టం సెక్షన్ 108 కింద కోర్టు నష్టపరిహారమో, వచ్చిన లాభాల లెక్కో ఇప్పించడంతో పాటు అమ్మకమే ఆపించగలదు. అమెరికాలో కెమెరాల కంపెనీ కొడాక్ మీద పోలరాయిడ్ 1976లో వేసిన పేటెంట్ కేసులో 1985లో తీర్పొచ్చింది. 1986 జనవరిలో కొడాక్ ఇన్‌స్టంట్ కెమెరాలు అమ్మడం మానేయాల్సి వచ్చింది. డబ్బు లెక్క తేలి 92.5 కోట్ల డాలర్లకు సెటిలయ్యేసరికి 1991. అంటే డబ్బు కట్టడానికి ఐదేళ్ళ ముందే సరుకు అమ్మకం ఆగిపోయింది. షోరూం ఇచ్చిన ఓనరుకు ఈ వరసే ముఖ్యం.

అందుకని రెండు అడగండి. ఆ బ్యాటరీ భాగం వేరే డిజైనుతో మార్చుకోగలరా? పేటెంటుకు ఇంకా ఎన్నేళ్ళు మిగిలాయి? దరఖాస్తు తేదీ నుంచి 20 ఏళ్ళే ఆయుష్షు.

అన్నిటికన్నా ముందు, లీజు మీద సంతకం ఎవరిదో చూడండి. నివేదిక లిస్టెడ్ కంపెనీది, సంతకం మాత్రం సబ్సిడరీదో (దాని కింద ఉండే వేరే కంపెనీదో), లోకల్ డీలరుదో అయితే మీ తమ్ముడు చదివిందంతా వేరేవాళ్ళ జాతకం.

ప్రశ్న వేసినవారు

సార్, మీరన్నాక డ్రాఫ్టు తీసి చూశాం. పేరు చివర "సేల్స్ అండ్ సర్వీసెస్" అని వేరే ప్రైవేట్ లిమిటెడ్ ఉంది! లాక్-ఇన్ మధ్యలో ఖాళీ చేస్తే మిగిలిన నెలల అద్దె వస్తుందా?

కడప వ్యాపారి

అన్నా, లాయరు గారు చెప్పేలోపు నా మాటొకటి. మా షాపు తీసుకున్న ఒక కంపెనీ ర్యాంపు, త్రీ-ఫేజ్ లైను, ముందు అద్దాలు అన్నీ నా ఖర్చుతోనే వేయించింది. రెండేళ్ళు తిరక్కుండానే ఖాళీ చేసింది. బోర్డు కోసం గోడకు దిగ్గొట్టిన బోల్టుల బొక్కలు ఇంకా పూడ్చలేదు. ఆ పనులు వాళ్ళ డబ్బుతోనే చేయించుకోమనండి.

అనంతపురం లాయరు

లాక్-ఇన్ అద్దె మొత్తం రాసుకున్నంత మాత్రాన చేతికి రాదు. కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 74 ప్రకారం, రాసుకున్న మొత్తం దాటకుండా కోర్టు సమంజసమనుకున్న పరిహారమే ఇప్పిస్తుంది. చేతిలో ఉన్న డిపాజిట్టే అసలు ధైర్యం. ఆరు నెలలు ఇస్తామంటే పది అడగండి. ఒప్పుకోకపోతే తేడాకు బ్యాంకు గ్యారంటీ తీసుకోండి.

ఇంకో చిక్కు. కంపెనీ దివాలా ప్రక్రియలోకి పోతే మారటోరియం (వాళ్ళ మీద కేసులు, వసూళ్ళు ఆపే నిషేధం) పడుతుంది. అప్పుడు వాళ్ళ స్వాధీనంలో ఉన్న మీ బిల్డింగును మీరు ఖాళీ చేయించలేరు. 2023లో గో ఫస్ట్ విమానయాన సంస్థ ఆగిపోయినప్పుడు విమానాలు లీజుకిచ్చినవాళ్ళు ఇలాగే ఇరుక్కున్నారు. ఆ అక్టోబరులో కేంద్రం విమానాలకు మినహాయింపు ఇచ్చింది గానీ బిల్డింగులకు కాదు. ఈ ప్రక్రియకు చట్టంలో గడువు 330 రోజులు.

ఏడాది దాటిన లీజు కాబట్టి రిజిస్టర్ చేయించాల్సిందే, పదకొండు నెలల కాగితాలతో సర్దుకుందామంటే ఒప్పుకోవద్దు. అద్దెకు మాతృ సంస్థ కార్పొరేట్ గ్యారంటీ (సబ్సిడరీ కట్టకపోతే తను కడతానన్న హామీ) ఇస్తుందని ఒక క్లాజు పెట్టించండి. దానికి ఒప్పుకుంటే మీరు చదివిన నివేదిక మీకు పనికొస్తుంది. ఒప్పుకోకపోతే ఆ సబ్సిడరీ సొంత బ్యాలెన్స్ షీటు ఎంసీఏ (కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ) సైటులో ఫీజు కట్టి తీసుకుని, ఇక్కడ పెట్టండి. ఆడిటరు గారు చూస్తారు.

ప్రొద్దుటూరు ఆడిటరు

చూస్తాను. దాంతో పాటు మాతృ సంస్థకు ఎంత బాకీ ఉందో చూపే రిలేటెడ్ పార్టీ (సొంత గ్రూపువాళ్ళతో లావాదేవీల) నోటు పేజీ కూడా పెట్టండి.