అప్‌డేట్: పిల్లల న్యూరోసర్జరీ ఫెలోషిప్‌లో చేరాను

న్యూరోసర్జరీ పూర్తయ్యాక పిల్లల న్యూరోసర్జరీలో ఏడాది ఫెలోషిప్ (ప్రత్యేక శిక్షణ) అవసరమా, చేస్తే పేరున్న చోటా, కేసులు చేతికిచ్చే చోటా అని అడిగాను కదా. చాలామంది అక్కడ చేసిన పాత ఫెలోల లాగ్‌బుక్ (వాళ్లు చేసిన ఆపరేషన్ల రికార్డు) చూడమన్నారు. చూశాను, రెండోదాంట్లోనే చేరాను.

అవసరమే, సందేహం లేదు. ఐదు కిలోల పసిబిడ్డ ఒంట్లో మొత్తం రక్తం దాదాపు 400 మి.లీ. అందుకే తల చర్మం కోత దగ్గర కారే రక్తం కూడా లెక్కే. పెద్దవాళ్ల కేసులతో ఈ జాగ్రత్త అలవడదు. తలలో నీరు చేరితే షంట్ (ఆ నీటిని ఒంట్లో వేరే చోటికి మళ్లించే గొట్టం) వేయాలా, ఎండోస్కోప్‌తో థర్డ్ వెంట్రికిల్ (మెదడు మధ్యలో నీరుండే గది) అడుగున రంధ్రం చేయాలా అన్నది వయసు, కారణం, పాత షంట్ ఉందా అన్నవి చూసి తేలుస్తాం. నెలల పిల్లల్లో ఆ రంధ్రం పనిచేయకపోయే అవకాశం ఎక్కువ. ఈ నిర్ణయం దగ్గరే నాకు ఇప్పటికీ టెన్షన్.

ఎపిలెప్సీ (మూర్ఛ) సర్జరీలు మాత్రం ఇక్కడ తక్కువ. వాటికోసం కొన్నాళ్లు వేరే సెంటర్‌కి పంపుతామన్నారు.