2026లో మన జట్ల మీద, మన క్రీడాకారుల మీద ఎంత ఆశ పెట్టుకోవచ్చు?

ప్రశ్న: మధురవాడ ప్రేక్షకుడు

అందరికీ నమస్కారం. రాబోయే సంవత్సరం క్రీడాభిమానులకు ఊపిరి సలపనివ్వదు. ఫిబ్రవరి 7న పురుషుల టీ20 ప్రపంచ కప్పు మొదలవుతుంది. వేసవిలో ఐపీఎల్, జూన్‌లో ఇంగ్లండ్‌లో మహిళల టీ20 ప్రపంచ కప్పు, అదే నెలలో 48 జట్లతో ఫుట్‌బాల్ ప్రపంచ కప్పు, సెప్టెంబరులో జపాన్‌లోని ఐచి-నగోయాలో ఆసియా క్రీడలు, వాటితోపాటు ప్రో కబడ్డీ. ఇన్ని ఆటల గురించీ నాకు ఒకే అభిప్రాయం ఉంది. మనం పరుగులు చేసేవారిని, రైడ్ పాయింట్లు తెచ్చేవారిని, గోల్స్ కొట్టేవారిని చూసి అంచనాలు కడతాం. ఫలితాన్ని మాత్రం ఎదుటివారిని ఆపగలిగినవారే తేలుస్తారు. ఈ కొలమానంతో నేను కట్టిన అంచనాలు సరైనవేనా అన్నది నా ప్రశ్న.

2025 డిసెంబరు 6న విశాఖలోని మన స్టేడియంలో దక్షిణాఫ్రికాతో జరిగిన మూడో వన్డే చూశాక ఈ అభిప్రాయం నాలో మరింత బలపడింది. వరుసగా ఇరవై వన్డేల్లో టాస్ ఓడిన భారత్ ఆ రోజు టాస్ గెలిచింది. కె.ఎల్.రాహుల్ నాణేన్ని ఎడమ చేత్తో ఎగరేసి, గెలవగానే పొంగిపోయి, మరో ఆలోచన లేకుండా ఫీల్డింగ్ ఎంచుకున్నాడు. డికాక్ శతకం కొట్టినా కుల్దీప్, ప్రసిద్ధ్ కృష్ణ చెరో నాలుగు వికెట్లు తీయడంతో దక్షిణాఫ్రికా 270కే ఆలౌటైంది. ఆ తరువాత జైస్వాల్ 116 పరుగులతో అజేయంగా నిలవగా, ఒకే వికెట్ కోల్పోయి 39.5 ఓవర్లలోనే మనవాళ్లు లక్ష్యాన్ని ఛేదించారు. అంతకు మూడు రోజుల ముందు రాయ్‌పుర్‌లో ఇదే జట్టు 358 పరుగులు చేసి కూడా ఓడింది. బ్యాటర్లు దాదాపు వారే, రాత్రి మంచుకు తడిసిన బంతితో బౌలింగ్ చేయవలసిన బాధ్యత ఎవరి మీద పడిందన్నదే మారింది.

అందువల్ల టీ20 ప్రపంచ కప్పులో భారత్ ఫైనల్ చేరుతుందని, కప్పు కూడా గెలుస్తుందని నా అంచనా. ఇది తేలిక కాదని నాకు తెలుసు. 2024 వరకు జరిగిన టోర్నీల్లో సొంతగడ్డపై ఆడిన ఏ జట్టూ ఈ కప్పును గెలవలేదు, గెలిచిన కప్పును ఎవరూ నిలబెట్టుకోలేదు, మూడుసార్లు గెలిచినవారూ లేరు. ఆ మూడింటినీ ఒకేసారి దాటాలి. అయినా బుమ్రా, వరుణ్ చక్రవర్తి, కుల్దీప్ ఉన్న బౌలింగ్ దళం మరే జట్టుకూ లేదు. మన విశాఖ కుర్రాడు నీతీశ్ కుమార్ రెడ్డి విషయంలోనూ నా కొలమానం ఇదే. 2024 డిసెంబరులో మెల్‌బోర్న్ టెస్టులో ఎనిమిదో స్థానంలో వచ్చి చేసిన 114 పరుగులతో అతని బ్యాటింగ్‌పై ఎవరికీ అనుమానం మిగలలేదు. జట్టులో స్థిరపడాలంటే మాత్రం నమ్మకంగా ఓవర్లు వేయగలగాలి.

కబడ్డీలో తెలుగు టైటాన్స్ వచ్చే సీజన్‌లో తొలిసారి టైటిల్ గెలుస్తుందని అంచనా వేస్తున్నాను. ఫుట్‌బాల్‌లో స్పెయిన్. బ్యాడ్మింటన్‌లో మన అమలాపురం సాత్విక్, చిరాగ్ జోడీ ఆసియా క్రీడల స్వర్ణాన్ని నిలబెట్టుకుంటుంది. సర్వీసు తరువాతి మూడు నాలుగు షాట్లలో ప్రత్యర్థిని వారు కట్టడి చేసినంతగా మరే భారత జోడీ చేయడం నేను చూడలేదు. వంద మీటర్ల హర్డిల్స్ (దారిలో నిలిపిన అడ్డుకట్టలను దాటుతూ తీసే పరుగు) క్రీడాకారిణి జ్యోతి యర్రాజీ మోకాలి శస్త్రచికిత్స నుంచి కోలుకుని ఆసియా క్రీడల్లో స్వర్ణం తెస్తుందని కూడా నమ్ముతున్నాను. ఏకీభవించనివారు కారణాలతో రాయవలసిందిగా కోరుతున్నాను.

సమాధానం 1: పి.ఎం.పాలెం నివాసి

మధురవాడ ప్రేక్షకుడు గారూ, మంచు గురించి మీరు చెప్పినది నిజమే. మహిళల ప్రపంచ కప్పులో భాగంగా ఈ అక్టోబరులో మన స్టేడియంలో జరిగిన ఐదు మ్యాచ్‌లలోనూ ఛేదించిన జట్టే గెలిచింది. సముద్రపు గాలిలో ఎప్పుడూ ఉండే తేమ, పొద్దుపోయాక నేల చల్లబడగానే గడ్డి మీద నీటి బొట్లుగా చేరుతుంది. బౌలరు ఒక్కో బంతికీ తువ్వాలుతో తుడుచుకున్నా బంతి మళ్లీ ఆ గడ్డి మీదే దొర్లి వస్తుంది కాబట్టి, స్పిన్నరు వేళ్లకు పట్టు దొరకదు, బంతి తిరగకుండా జారి నేరుగా బ్యాటు మీదకు వస్తుంది.

అయితే దీన్నే సూత్రంగా పెట్టుకుని అంచనాలు కట్టడం సరికాదని నా అభిప్రాయం. 2024 ఐపీఎల్‌లో ఢిల్లీ క్యాపిటల్స్ ఇక్కడ ఆడిన రెండు మ్యాచ్‌లలోనూ ముందు బ్యాటింగ్ చేసిన జట్టే గెలిచింది. చెన్నైపై ఢిల్లీ 191 పరుగులను కాపాడుకుంది. కోల్‌కతా 272 పరుగులు చేసి ఢిల్లీని 106 పరుగుల తేడాతో ఓడించింది. మరుసటి ఏడాది ఇదే మైదానంలో లఖ్‌నవూ 209 పరుగులు చేసినా, అశుతోష్ శర్మ 31 బంతుల్లో 66 పరుగులతో అజేయంగా నిలిచి ఒక్క వికెట్ తేడాతో ఢిల్లీని గెలిపించాడు. మంచు తీవ్రత నెలనుబట్టి, ఆ రోజు వీచే గాలినిబట్టి మారుతుంది. ఫైనల్ ఎక్కడ, ఏ వాతావరణంలో జరుగుతుందో చూడకుండా భారత్ బౌలింగ్‌ను లెక్కలోకి తీసుకోవడం తొందరపాటు.

మీ ప్రశ్నలో మహిళల జట్టు గురించి ఒక్క మాటా లేకపోవడం నాకు వెలితిగా తోచింది. మీ కొలమానానికి వారికి మించిన ఉదాహరణ లేదు. అక్టోబరు 9న రిచా ఘోష్ 94 పరుగులు చేసింది, దక్షిణాఫ్రికా 81 పరుగులకే ఐదు వికెట్లు కోల్పోయింది. అయినా నదీన్ డిక్లెర్క్ 54 బంతుల్లో 84 పరుగులతో నిలిచి మ్యాచ్‌ను లాక్కుపోయింది. మూడు రోజుల తరువాత మనవాళ్లు 330 పరుగులు చేసినా, ఎలిసా హీలీ 142 పరుగుల ధాటికి ఆస్ట్రేలియా ఛేదించింది. ఐదుగురు బౌలర్లతోనే ఆడడం వల్ల, ఒకరు దెబ్బతిన్నప్పుడు బంతి అందుకోవడానికి ఆరో మనిషి లేకుండా పోయింది. తరువాతి మ్యాచ్‌కు అదనపు బౌలరును తీసుకున్నారు. ఫైనల్‌లో అప్పుడప్పుడూ బౌలింగ్ చేసే షెఫాలీ చేత వేయించగా ఆమె రెండు కీలక వికెట్లు తీసింది, దీప్తి ఐదు తీసింది, కప్పు మన చేతికి వచ్చింది. విశాఖలో ఎదురైన ఆ రెండు ఓటములు లేకపోతే జట్టు యాజమాన్యం ఆరో బౌలరు గురించి ఆలోచించి ఉండేది కాదని నేను గట్టిగా నమ్ముతున్నాను.

ఇంగ్లండ్‌లో జరిగే టీ20 ప్రపంచ కప్పు కూడా భారత మహిళలదే అని నా అంచనా. అందులో కడప జిల్లా అమ్మాయి శ్రీచరణి పాత్ర ప్రధానమవుతుంది. ఆస్ట్రేలియాపై ఇక్కడ అన్ని పరుగులు పారుతున్న సమయంలో కూడా ఆమె 41 పరుగులిచ్చి మూడు వికెట్లు తీసింది. టోర్నీ మొత్తంలో 14. ఈ నెల 21, 23 తేదీల్లో శ్రీలంకతో ఇక్కడే టీ20లు ఉన్నాయి. వీలైనవారు తప్పక వెళ్లి, తడి బంతితో ఆమె వేగాన్ని ఎలా మార్చుతుందో గమనించండి.

సమాధానం 2: గాజువాక కబడ్డీ అభిమాని

టైటాన్స్ గురించి రాసినందుకు సంతోషం. కానీ టైటిల్ అంచనాతో ఏకీభవించలేను. మీరు చెప్పిన కొలమానాన్నే వాడితే రావలసిన జవాబు వేరు.

పన్నెండు సీజన్లలో మన జట్టు ఒక్కసారి కూడా ఫైనల్ ఆడలేదు. 2015లో మూడో స్థానం, 2016లో సెమీఫైనల్, ఆ తరువాత ఏళ్ల తరబడి నిరాశ. పదో సీజన్‌లో పవన్ సెహ్రావత్ కోసం 2.605 కోట్ల రూపాయలు పెట్టినా జట్టు గెలిచినవి రెండే మ్యాచ్‌లు. ఒక్క రైడరును నమ్ముకుంటే ఏమవుతుందో రాహుల్ చౌదరి కాలం నుంచి మనం చూస్తూనే ఉన్నాం. కూతకు వెళ్లినవాడు పట్టుబడితే, మిగిలిన రైడర్లు ఎవరినైనా ఔట్ చేయలేనప్పుడు అతణ్ని తిరిగి కోర్టులోకి తీసుకురావలసింది డిఫెండర్లే. వారు ఎదుటి రైడరును పట్టలేకపోతే ఆ పెద్ద పేరున్న ఆటగాడు నిమిషాల తరబడి బయట కూర్చుని చూడవలసిందే.

ఈ ఏడాది ఆ పరిస్థితి చాలావరకు మారింది. విజయ్ మలిక్ సారథ్యంలో, భరత్ హుడా తోడుగా, కృష్ణ కుమార్ హుడా శిక్షణలో జట్టు ప్లేఆఫ్స్‌కు వెళ్లి బెంగళూరును, పట్నాను ఓడించింది. ఫైనల్‌కు ముందరి మెట్టయిన క్వాలిఫయర్ 2లో మాత్రం పుణెరి పల్టన్ చేతిలో 50-45తో ఓడింది. ఆ స్కోరును మరొక్కసారి చూడండి. 45 పాయింట్లు సాధించిన జట్టు మామూలుగా గెలవాలి. ఫైనల్‌లో ఢిల్లీ 31 పాయింట్లతోనే పుణెను ఓడించి విజేత అయింది. మనం అంతకంటే 14 పాయింట్లు ఎక్కువ చేసి కూడా ఇంటికి వచ్చామంటే, లోపం దాడిలో లేదని వేరే చెప్పనక్కరలేదు.

ఇంకొక సంగతి మన ప్రేక్షకులందరికీ చెప్పాలనుకుంటున్నాను. ఏడేళ్ల తరువాత ప్రో కబడ్డీ విశాఖకు వచ్చిందన్న ఉత్సాహం ఆగస్టు 29న గ్యాలరీల్లో పొంగిపొర్లింది. ఆ తొలి మ్యాచ్‌లో మనం తమిళ్ తలైవాస్ చేతిలో 38-35తో ఓడాం. డిఫెన్స్‌కు ఓపికే ప్రాణం. రైడరుకు ఉన్నవి 30 సెకన్లు. అతను బాక్ లైను (రైడరు తప్పక దాటవలసిన గీత) దాటి వచ్చి, ఎవరినీ తాకకుండా, బోనస్ తీసుకోకుండా వెనక్కి వెళ్తే అది ఖాళీ రైడ్, అలాంటివి వరుసగా రెండు జరిగితే మూడోది డూ ఆర్ డై. అప్పుడు పాయింటు తేకపోతే రైడరు ఔటవుతాడు కాబట్టి అతనే లోపలికి రాక తప్పదు, కార్నరులో ఉన్నవాడు చీలమండ అందుకోవడానికి అదే అదను. జనం మాత్రం ప్రతి కూతకూ పట్టమని అరుస్తారు. ఆ అరుపులకు ఉద్రేకపడి కవరు ఆటగాడు ఒక అడుగు ముందే దూకితే, అతనితోపాటు గొలుసు కట్టిన పక్కవాడు కూడా రైడరును తాకి ఔటయ్యే ప్రమాదం ఉంది. సొంత మైదానపు మద్దతు డిఫెండరుకు మేలు చేయాలంటే, ఖాళీ రైడ్‌కు కూడా చప్పట్లు కొట్టే ప్రేక్షకులు కావాలి.

నా అంచనా: మళ్లీ ప్లేఆఫ్స్ ఖాయం, టైటిల్ కష్టం. వేలంలో మరో రైడరు వెంటపడకుండా, ముగ్గురే మిగిలినప్పుడు రైడరును పట్టి అదనపు పాయింటు తెచ్చే సూపర్ ట్యాకిల్ చేయగల కార్నరు డిఫెండరు మీద డబ్బు పెడితే నా మాట మార్చుకుంటాను.

సమాధానం 3: అక్కయ్యపాలెం పాఠకుడు

ఫుట్‌బాల్ వరకే రాస్తాను. స్పెయిన్ గెలిచే అవకాశం ఉందని ఒప్పుకుంటాను గానీ నా ఓటు ఫ్రాన్స్‌కు. డ్రా నాటి ర్యాంకుల్లో మొదటి నాలుగు జట్లయిన స్పెయిన్, అర్జెంటీనా, ఫ్రాన్స్, ఇంగ్లండ్ తమ గ్రూపుల్లో అగ్రస్థానంలో నిలిస్తే సెమీస్ వరకు ఒకరికొకరు ఎదురుపడకుండా డ్రా తీశారు. అమెరికా ఎండల్లో, ప్రతి అర్ధభాగంలోనూ నీళ్ల కోసం మూడు నిమిషాల విరామం ఇచ్చే ఈ టోర్నీలో, బంతిని ఎక్కువసేపు కాళ్ల దగ్గర ఉంచుకునే జట్టుకంటే, వెనక నిలకడగా ఉండి అవకాశం రాగానే ముందుకు దూసుకుపోగల జట్టుకే మేలు జరుగుతుంది. అర్జెంటీనాకు కష్టం, 1962లో బ్రెజిల్ తరువాత కప్పును నిలబెట్టుకున్న దేశమే లేదు. ఫైనల్ మన గడియారం ప్రకారం తెల్లవారితే జులై 20, సోమవారం అనగా, అర్ధరాత్రి దాటాక 12.30కి మొదలవుతుంది, ఉద్యోగాలు ఉన్నవారు సెలవు ముందే పెట్టుకోవడం మంచిది.

సమాధానం 4: మాజీ అథ్లెట్, విశాఖ

మీ కొలమానం హర్డిల్స్‌కు వర్తించదని చెప్పడానికే రాస్తున్నాను. అక్కడ ఎదుటివారిని ఆపడం అనేదే ఉండదు. ఎవరి లేను వారిది. మొదటి హర్డిల్‌కు 13 మీటర్లు, ఆ తరువాత ఒక్కొక్క దానికి 8.5 మీటర్ల దూరం, మధ్యలో మూడే అంగలు. ఇలా పదింటిని దాటాక చివరికి 10.5 మీటర్ల పరుగు. ఏ ఒక్క హర్డిల్‌కు కాలు తగిలినా ఆ మూడు అంగల లయ చెదిరి, మిగిలిన పరుగంతా దాన్ని సరిదిద్దుకోవడంతోనే సరిపోతుంది.

జ్యోతి బలం ఆ లయే. ఆమె జాతీయ రికార్డు 12.78 సెకన్లు. ఈ ఏడాది మే నెలలో కొరియాలోని గుమిలో 12.96తో వరుసగా రెండోసారి ఆసియా ఛాంపియన్ అయినప్పుడు, పరుగు తొలి సగంలో వెనకబడి ఉండి, చివరి హర్డిళ్ల దగ్గర జపాన్, చైనా అమ్మాయిలను దాటింది. చివరిదాకా అంగ కుదించుకోకుండా పరుగెత్తగలిగినవారికే అది సాధ్యం. జులైలో మోకాలికి గాయం కావడంతో టోక్యో ప్రపంచ ఛాంపియన్‌షిప్‌కు దూరమైంది. శస్త్రచికిత్స తరువాత కండబలం నెలల్లో తిరిగి వస్తుంది; పూర్తి వేగంతో హర్డిల్ దాటి కాలు మోపేటప్పుడు మనసులో జంకు లేకుండా ఉండడానికి మాత్రం పోటీలు ఆడాలి. అందుకే ఆసియా క్రీడల కంటే ముందు ఆమె ఎన్ని పరుగులు పూర్తి చేయగలుగుతుందన్నది కీలకం. జూన్ నాటికి 13.20 లోపు ఒక్క పరుగు నమోదైనా సెప్టెంబరులో పతకం వస్తుందని ధైర్యంగా చెబుతాను. స్వర్ణం అనడానికి మాత్రం 12.8 దరిదాపుల్లో ఉండాలి. గత ఆసియా క్రీడలు జరిగిన హాంగ్‌ఝౌలో చైనా అమ్మాయి లిన్ యువెయ్ 12.74తో స్వర్ణం గెలిచింది, జ్యోతికి 12.91తో రజతం దక్కింది.

ఒక విన్నపం. గాయం నుంచి వస్తున్న అమ్మాయి మీద స్వర్ణం బరువు ఇప్పుడే పెట్టవద్దు. ఈ పోర్టు నగరంలో పరుగు నేర్చుకుని, ఒలింపిక్స్ వంద మీటర్ల హర్డిల్స్‌లో పరుగెత్తిన తొలి భారతీయురాలిగా నిలిచిన వ్యక్తి ఆమె.

మధురవాడ ప్రేక్షకుడు

ఇంత శ్రద్ధగా రాసిన అందరికీ కృతజ్ఞతలు. గాజువాక మిత్రులు చెప్పిన 45 పాయింట్ల లెక్క బలమైనదే; అయినా కొత్త సారథి కింద మొదటి సీజన్‌లోనే ఇంతదూరం వచ్చిన జట్టు రెండో ఏడాది డిఫెన్స్‌ను సరిదిద్దుకుంటుందన్న నమ్మకంతో టైటాన్స్ మీద నా అంచనాను అలాగే ఉంచుతున్నాను. జ్యోతి విషయంలో జూన్ గడువు నాకు నచ్చింది; అప్పటివరకు ఆమె పాల్గొన్న ప్రతి పోటీ సమయాన్నీ ఇక్కడే నమోదు చేస్తాను. 21వ తేదీ మ్యాచ్‌కు వెళ్తున్నాను. రెండో ఇన్నింగ్స్‌లో మంచు ఎన్నో ఓవరు నుంచి మొదలైంది, శ్రీచరణి ఎన్ని బంతులు వేగం తగ్గించి వేసింది అన్నది రాసుకుని వచ్చి మీ ముందు పెడతాను.