బరువు సరిపోయింది, బొజ్జ మాత్రం ఉంది. ఏ కొలతను నమ్మాలి?

గోదారిగట్టు:
వయసు 41, ఎత్తు 170 సెం.మీ., బరువు 66 కిలోలు. ఆఫీసు హెల్త్ చెకప్ రిపోర్టులో బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువుందా అని చూసే లెక్క) 22.8, నార్మల్ అని రాశారు. అదే కాగితం మీద నడుము 94 సెం.మీ. అని రాసి కింద ఎర్రగీత కొట్టారు. పరగడుపు షుగర్ 108. బరువు బాగున్నప్పుడు బొజ్జ గురించి టెన్షన్ పడాలా?

తాపీమేస్త్రి:
అక్కర్లేదు. మొన్నటిదాకా బీఎంఐ అన్నారు, ఇప్పుడు నడుమంటున్నారు. నా నడుమే పొద్దున ఒకలా, భోజనమయ్యాక ఒకలా ఉంటుంది. టేపు పట్టే చేతిని బట్టి మారే అంకె మీద జబ్బు అంచనా వేస్తారా?

నీలిచుక్క:
మేస్త్రిగారూ, అసలు బీఎంఐ ఏమంత గొప్పది? 1830లలో క్వెట్లే అనే బెల్జియం గణాంక శాస్త్రవేత్త సగటు మనిషి లెక్క కోసం వేసిన సూత్రం అది. రోగుల కోసం కాదు. 1972లో ఆన్సెల్ కీస్ దానికి బీఎంఐ అని పేరు పెట్టాడు. అది కండనూ కొవ్వునూ ఒకే గాటన కడుతుంది.

2004లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఒక ఫోటో వచ్చింది. పుణె డాక్టర్ యాజ్ఞిక్, లండన్ డాక్టర్ యుడ్కిన్ పక్కపక్కన ఉంటారు. ఇద్దరి బీఎంఐ 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2. మనవాళ్ల సంగతంతా ఆ ఒక్క ఫోటోలో ఉంది. అందుకే మనకు నడుము హద్దు మగవాళ్లకు 90, ఆడవాళ్లకు 80 సెం.మీ. అని పెట్టారు.

తాపీమేస్త్రి:
ఇద్దరి ఫోటో చూపించి దేశమంతటికీ టేపు చుడతారా!

నీలిచుక్క:
ఇద్దరితో ఆగలేదండీ. 52 దేశాల్లో గుండెపోటు వచ్చినవాళ్లనూ రానివాళ్లనూ పోల్చిన ఇంటర్‌హార్ట్ అధ్యయనంలో బీఎంఐ కంటే నడుము, తుంటి నిష్పత్తే ముప్పును బాగా పట్టిచ్చింది. పొట్ట లోపల కాలేయం, పేగుల చుట్టూ చేరే కొవ్వు ఇన్సులిన్‌ను సరిగా పనిచేయనివ్వదు. చర్మం కింద కొవ్వుతో అంత చేటు లేదు.

బంతిపూలు:
అయితే నేను కాస్త ఊపిరి పీల్చుకోవచ్చు. నా బీఎంఐ 26, నడుము 78. బరువంతా తొడల్లో, పిరుదుల్లోనే. అక్కడి కొవ్వు కాస్త నయమని మా డాక్టరమ్మ అంది. నెలసరి ఆగాక అదే పొట్టకు చేరుతుందని కూడా చెప్పిందనుకోండి, ఆ ముక్క మర్చిపోదామని చూస్తున్నాను.

కుట్టుమిషను:
మేస్త్రిగారన్న టేపు మాట నిజమే. మాది టైలరింగు. బొజ్జ ఉన్నవాళ్లు ప్యాంటు బొజ్జ కిందికి కట్టి "నాది 34" అంటారు. అసలు చోట పెడితే 38 వస్తుంది. ఆఖరి పక్కటెముకకూ తుంటి ఎముక పైఅంచుకూ నడిమధ్యన టేపు పెట్టాలి. పొట్ట లోపలికి లాక్కోకుండా, మామూలుగా ఊపిరి వదిలాక చూడాలి. పరగడుపునైతే మేలు. టేపు లేకపోతే మీ ఎత్తుకు సరిపడా దారం తీసి సగానికి మడవండి. అది నడుము చుట్టూ అందకపోతే పొట్ట ఎక్కువున్నట్టే.

గోదారిగట్టు:
ఇప్పుడే చూశాను. దారం నాలుగు వేళ్ల దూరంలో ఆగిపోయింది. మా నాన్నకు షుగర్ ఉంది, ఆ మాట ముందే చెప్పాల్సింది. సోమవారం డాక్టర్ దగ్గరికి వెళ్తున్నా. మేస్త్రిగారూ, మీదెంతో చెప్పలేదు?

తాపీమేస్త్రి:
ఇప్పుడే భోంచేశాను. రేపు పొద్దున చెబుతా.