కుస్తురిత్సా ‘అండర్‌గ్రౌండ్’కి తెలుగు సబ్‌టైటిళ్లు: టైమింగ్ ఎక్కడ తప్పుతోంది?

దర్శకుడు ఎమిర్ కుస్తురిత్సాకి 1995లో కాన్ చిత్రోత్సవపు అగ్ర బహుమతి పామ్ డోర్‌ను రెండోసారి (మొదటిది 1985లో) తెచ్చిన సినిమా ఇది. తెలుగు సబ్‌టైటిళ్లకు ఆధారంగా తీసుకున్న ఎస్ఆర్‌టీ ఫైలు (మాటలు, అవి తెరపై పడే టైములు ఉండే టెక్స్ట్ ఫైలు) సెకనుకు 25 ఫ్రేముల డీవీడీది, వీడియో 24 ఫ్రేములది. గంట దగ్గర మాట 2 నిమిషాల 24 సెకన్లు ముందే పడేది. టైములన్నీ 1.0417తో (25/24) గుణిస్తే సగం వరకు చక్కగా కుదిరింది. వీడియో 23.976 అయితే 1.0427 వాడాలి, లేదంటే చివరికి పది సెకన్ల తేడా వస్తుంది. కానీ ఇక్కడి జబ్బు అది కాదు. సగం దాటాక ఒకేచోట దాదాపు నిమిషం దూకుతోంది. మెల్లగా జారితే ఫ్రేమ్‌రేటు తప్పు, ఇలా దూకితే ఎడిటింగ్ తేడా, లేదా రెండు సీడీల ఫైళ్లను సరిగ్గా అతకకపోవడం.

థియేటర్ వెర్షన్ సుమారు 170 నిమిషాలు, టీవీ సిరీస్ 5 గంటల పైనే. 170 నిమిషాల డిస్కుల్లోనే కోతల తేడాలున్నాయా? దూకినచోట ఫైలును విరిచి, రెండో ముక్కను విడిగా జరపడం తప్ప దారి లేదా?

ఇంకో చిన్న సందేహం. కుస్తురిత్సా పేరులో చివరి హల్లు మన ‘చాప’లోని చకారమే. పాత ‘ౘ’ వేస్తే టీవీల్లో అక్షరం బదులు డబ్బాలు కనబడతాయా?