మార్కుల కోసం సెకండ్ లైఫ్‌లోకి వెళ్ళి తీరాలా?

సింధు (అట్లాంటా), నవంబర్ 2010
ఇక్కడ ఎడ్యుకేషనల్ టెక్నాలజీలో మాస్టర్స్ చేస్తున్నాను. ఈ సెమిస్టర్ ఒక కోర్సులో, సెకండ్ లైఫ్ అనే ఆన్‌లైన్ ఊహాలోకంలో అవతార్ (మన బదులు అక్కడ తిరిగే బొమ్మ) తయారుచేసుకుని క్లాసుకి రావడం తప్పనిసరి చేశారు, దానికి మార్కులు కూడా ఉన్నాయి. నాకు సుతరామూ ఇష్టం లేదు. నా లాప్‌టాప్‌లో అది తెరుచుకోవడానికే యుగాలు పడుతోంది. నడవడం, ఎగరడం నేర్చుకునేలోపు ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి వచ్చి ఊరేది, వయసెంత అని అడగడం మొదలుపెట్టాడు. తీరా క్లాసులో చేసిందేమిటి? వరసగా వేసిన కుర్చీల్లో అవతార్లను కూర్చోబెట్టి స్లైడ్లు చూపించారు. ఈ బలవంతపు బ్రాహ్మణార్థం విద్యార్థికి ఎందుకు?

రావు (విజయవాడ)
సింధు గారూ, నేను డిగ్రీ పిల్లలకు జీవశాస్త్రం చెబుతాను. మీరు చూసింది ఆ లోకంలో అన్నిటికంటే పేలవమైన ఉపయోగం. టెక్సస్ వెస్లియన్ యూనివర్సిటీకి చెందిన మేరీ ఆన్ క్లార్క్ గారు సెకండ్ లైఫ్‌లోనే కట్టిన జీనోమ్ ఐలండ్‌కి ఒకసారి వెళ్ళండి. మెండెల్ బఠాణీ మొక్కల్ని మీరే సంకరం చేసి, వచ్చిన సంతానాన్ని లెక్కపెట్టవచ్చు. నిజం తోటలో అయితే ఒక తరం కోసం నెలలు ఆగాలి. కాలిఫోర్నియా యూనివర్సిటీ డేవిస్‌లో పీటర్ యెల్లోలీస్ అనే సైకియాట్రీ ప్రొఫెసర్, స్కిజోఫ్రెనియా (లేని గొంతులు వినిపించే మానసిక వ్యాధి) రోగులు చెప్పిన అనుభవాల ఆధారంగా అక్కడే ఒక వార్డు కట్టించారు. లోపల నడుస్తుంటే చెవిలో గొంతులు మనల్ని తిడుతుంటాయి. ఆ భయం పాఠ్యపుస్తకం చదివితే వస్తుందా? మొదట నెట్టకపోతే పిల్లలు అటు తొంగి కూడా చూడరు. అందుకే బలవంతం తప్పు కాదంటాను.

ప్రసాద్ (డాలస్)
రావు గారూ, అంత కష్టపడి కట్టినది ఎవరి నేల మీద ఉందో కూడా చూడాలి కదండీ. 2003లో సెకండ్ లైఫ్‌ని మొదలుపెట్టిన లిండెన్ ల్యాబ్ ఒక ప్రైవేటు కంపెనీ. అందులో ఒక పూర్తి ద్వీపానికి అద్దె నెలకు 295 డాలర్లు. విద్యాసంస్థలకు ఇంతవరకూ సగం ధరకే ఇచ్చేవారు. వచ్చే జనవరి నుంచి ఆ రాయితీ తీసేస్తామని గత నెలే ప్రకటించారు. కాలేజీల బడ్జెట్లు ఏడాది ముందే ఖరారవుతాయి, మధ్యలో ఇంత డబ్బు ఎక్కడి నుంచి తెస్తాయి? ఓపెన్‌సిమ్ అనే సాఫ్ట్‌వేర్ ఉంది, దానితో ఇలాంటి లోకాన్నే సొంత సర్వర్ మీద పెట్టుకోవచ్చు. కానీ సెకండ్ లైఫ్‌లో కట్టినదంతా ఇందులోకి మోసుకురావడం అంత తేలిక కాదు, వేరేవాళ్ళ దగ్గర కొన్న వస్తువులైతే అసలే రావు. రేపు ఉంటుందో లేదో తెలియని చోటికి మార్కులు ముడిపెట్టడం నాకు న్యాయంగా తోచడం లేదు.

సింధు
రావు గారూ, జీనోమ్ ఐలండ్‌కి వెళ్ళొచ్చాను. బఠాణీల దగ్గర చాలాసేపు ఉండిపోయాను. సంతానంలో రెండు లక్షణాలు రావాల్సిన మూడుకి ఒకటి నిష్పత్తి చిన్న సంఖ్యల్లో ఎంత తప్పుతుందో, లెక్క పెరిగేకొద్దీ ఎలా దగ్గరపడుతుందో అక్కడ కళ్ళారా చూశాను. ఇంటర్‌లో ఆ నిష్పత్తిని బట్టీ పట్టానే తప్ప ఇలా అర్థం కాలేదు. ఈ పని అక్కడ చేయించమంటే నాకే అభ్యంతరమూ లేదు. స్లైడ్ల కోసం రమ్మనడం మాత్రం ఇప్పటికీ తప్పే అంటాను, ఆ మాట మా ప్రొఫెసర్‌కి రాస్తున్నాను. ఇంకోటి కూడా అడుగుతున్నాను: మా క్లాసులో ఒకావిడ పల్లెటూరి నుంచి చదువుతున్నారు, నెట్ సరిగా రాదు. అలాంటివాళ్ళకు వేరే అసైన్‌మెంట్ ఇవ్వాలి.

రావు
స్లైడ్ల సంగతి ఒప్పుకుంటున్నానమ్మా. వేరే అసైన్‌మెంట్ దగ్గర మాత్రం మీతో ఏకీభవించలేను. ప్రాక్టికల్ మానేసి రికార్డు రాసిస్తానంటే మా ల్యాబ్‌లో నేను ఒప్పుకోను. ఆవిడకు క్యాంపస్‌లోనో, దగ్గరి లైబ్రరీలోనో పనిచేసే కంప్యూటర్ చూపించాల్సింది యూనివర్సిటీ. అడగాల్సింది అది.

ప్రసాద్
ఆ కంప్యూటర్ ఆవిడ ఊరికి ఎంత దూరమో కూడా అడగండి.