బస్సులో వీల్‌చైర్ కదలకుండా బిగించడం ఎలా?

అమ్మను వీల్‌చైర్‌లో బస్సెక్కిస్తుంటాను. కుర్చీని బస్సు నేలకు కట్టే నాలుగు పట్టీలూ బిగించి బ్రేకులు వేసినా, మలుపుల్లో కుర్చీ పక్కకు జరుగుతోంది. ఆవిడ ఆర్మ్‌రెస్టులు గట్టిగా పట్టుకుని కూర్చుంటే నాకు ఒకటే టెన్షన్. పట్టీల కొక్కేలు చక్రాలకో, ఊడివచ్చే ఫుట్‌రెస్టులకో కాకుండా ఫ్రేముకే తగిలించాలని తెలుసు. కానీ మాది మడత కుర్చీ. ఐఎస్‌ఓ 7176-19 (వాహనంలో సీటుగా వాడే వీల్‌చైర్లకున్న అంతర్జాతీయ ప్రమాణం) ప్రకారం చేసిన కుర్చీలకు ఉండే కొక్కేల చోట్లు దీనికి లేవు. మరి ఎక్కడ తగిలించాలి, వెల్డింగ్ చేసిన అతుకుల దగ్గరేనా? వెనక పట్టీలు ఎంత వాలులో ఉండాలి?

ఇంకోటి, కుర్చీకున్న నడుము బెల్టు మనిషి జారకుండా కూర్చోవడానికే, గుద్దుకుంటే ఆపలేదు. బస్సు బెల్టేమో ఆర్మ్‌రెస్టుల మీదుగా వెళ్లి ఒంటికి ఆనడం లేదు. దాన్ని లోపలి నుంచి తుంటి ఎముకల మీదికి ఎలా తేవాలి? రోజూ ఇలా ప్రయాణించేవాళ్లు దయచేసి చెప్పండి, ఫొటో ఉంటే పెట్టండి.