బీఎస్సీ ప్రాక్టికల్స్‌లో డైక్రోమేట్ ఇంకా అవసరమా?

గోదారి_ఎమ్మెస్సీ: ఆల్కహాల్ పరీక్షకు చాలా కాలేజీల్లో ఇప్పటికీ ఆమ్లం కలిపిన పొటాషియం డైక్రోమేటే వాడుతున్నారు. అందులో ఉన్నది క్యాన్సర్ తెచ్చే ఆరు వేలెన్సీ క్రోమియం. అసిటిక్ ఆమ్లం, బ్లీచ్‌తో సైక్లోహెక్సనాల్ అనే సెకండరీ ఆల్కహాల్‌ను సైక్లోహెక్సనోన్‌గా మార్చే పద్ధతి 1980 నుంచీ ఉంది. అది పెట్టొచ్చు కదా?

కెమిస్ట్రీ_మాస్టారు: డైక్రోమేట్‌లో ప్రైమరీ, సెకండరీ ఆల్కహాల్ వేస్తే నారింజ రంగు కళ్ల ముందే ఆకుపచ్చగా మారుతుంది. టెర్షియరీ వేస్తే నారింజగానే ఉంటుంది, ఓహెచ్ ఉన్న కార్బన్‌కి హైడ్రోజన్ లేదు కాబట్టి. ఇది ఒకసారి చూసిన పిల్లాడు జన్మలో మరిచిపోడు. బ్లీచ్‌లో ఏం కనిపిస్తుంది? పైగా అది సెకండరీని పట్టుకున్నంత తేలిగ్గా ప్రైమరీని పట్టుకోదు.

పటాన్‌చెరు_ప్రాసెస్: ప్రైమరీకి టెంపో అనే ఉత్ప్రేరకం ఉంది మాస్టారూ. చిటికెడు టెంపో, పొటాషియం బ్రోమైడ్, పీహెచ్ 9 దగ్గర బ్లీచ్, సున్నా డిగ్రీలు. ఆమ్లం దాకా పోకుండా ఆల్డిహైడ్ దగ్గర ఆగుతుంది. 1987 నాటి పద్ధతి.

కెమిస్ట్రీ_మాస్టారు: మా ల్యాబ్‌కి ఐస్ కూడా నా జేబులోంచే కొంటున్నా. టెంపో ఎవరు కొంటారు? ఒక్కటే అడుగుతున్నా: ఉత్త బ్లీచ్‌తో ప్రైమరీ సరిగ్గా అవుతుందా, అవదా?

లవణం: పీసీసీ (పిరిడినియం క్లోరోక్రోమేట్) పెట్టండి, గొడవ ఉండదు.

పటాన్‌చెరు_ప్రాసెస్: పీసీసీలోనూ క్రోమియమే బాబూ. 1975లో కోరీ, సగ్స్ దాన్ని తెచ్చింది ఆల్డిహైడ్ దగ్గర ఆపడానికి. నీళ్లు లేని డైక్లోరోమీథేన్‌లో ఆల్డిహైడ్ హైడ్రేట్ అవదు, అందుకే ఆమ్లం దాకా పోదు. విషం మాత్రం అదే విషం.

గోదారి_ఎమ్మెస్సీ: డిగ్రీలో మాకు గ్లవ్స్ ఇవ్వలేదు. వేళ్ల సందుల్లో పుండ్లు పడ్డాయి. టెస్ట్ ట్యూబులు సింకులోనే కడిగేవాళ్లం. దీనికి ఎవరు జవాబు చెప్తారు?

కెమిస్ట్రీ_మాస్టారు: గ్లవ్స్ ఇవ్వకపోవడం కాలేజీ తప్పు. ట్యూబుకి నాలుగు చుక్కలు పోసే పరీక్ష మీద పడితే ఎలా?

పటాన్‌చెరు_ప్రాసెస్: ఎన్ని బ్యాచులు, ఎన్నేళ్లు? ఆ సింకు పైపు ఎక్కడికి పోతుందో ఎప్పుడైనా చూశారా? తమిళనాడు రాణిపేటలో క్రోమేట్ ఫ్యాక్టరీ మూతపడ్డా, వదిలేసిన గుట్టల నుంచి క్రోమియం భూగర్భజలాల్లోకి దిగింది. మీరు చుక్కలు లెక్కపెట్టుకుంటూ కూర్చోండి!

కెమిస్ట్రీ_మాస్టారు: ఫ్యాక్టరీ జీతం తీసుకుంటూ మాకు నీతులు చెప్పకండి. ప్రమాదమని ఒక ప్రయోగం తీసేసిన ప్రతిసారీ మా దగ్గర దాని బదులు వీడియో వచ్చింది. ఇంకో ప్రయోగం ఎప్పుడూ రాలేదు. పిల్లలు చూడని రంగుని రికార్డులో రాస్తున్నారు. ఇదీ పోతే ఆ ల్యాబ్ పీరియడే ఎత్తేస్తారు. నా భయం అదీ.

గోదారి_ఎమ్మెస్సీ: ఆ మాట ముందే చెప్పాల్సింది సార్. పరీక్ష ఉంచండి, సింకులో పొయ్యడం మాత్రం ఆపించండి.

పటాన్‌చెరు_ప్రాసెస్: అంతా ఒక బకెట్లో పోయించండి. కిటికీలు తెరిచి, ఆమ్లంగా ఉండగానే సోడియం బైసల్ఫైట్ వెయ్యండి. నారింజ పూర్తిగా పోయాక క్షారంతో పీహెచ్ 8, 9కి తెస్తే క్రోమియం హైడ్రాక్సైడ్ అడుక్కి చేరుతుంది. వడకట్టి, ఆ మడ్డిని విడిగా దాచండి.

కెమిస్ట్రీ_మాస్టారు: బైసల్ఫైట్ ఉంది, రేపే చేయిస్తా. దాచిన మడ్డి ఎవరికివ్వాలి? డిగ్రీ కాలేజీ దగ్గర డబ్బాడు మడ్డి తీసుకెళ్లేవాళ్లు ఉంటే చెప్పండి.